నాలుగో బ్లాకు వంతు

డిసెంబర్ 3, బుధవారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. మా అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంతకంటే మంచి తాళం నాకు దొరకదు.

ఇవాళ నేను షాపు తీసేసరికే ఆరుగురు రైతులు నిలబడి ఉన్నారు. ఐదున్నరకు రావలసిన ఫోన్ రాలేదట. ఎలా వస్తుంది? ఐదింటికి గురజాలలో కరెంటు పోయింది. నా జెరాక్స్ షాపులో పాత కంప్యూటర్ ఆగిపోయింది. దాంతోపాటే ఒకటో బ్లాకు వాళ్ళ నీళ్ళ కబురూ ఆగిపోయింది. ఏంది జెబమ్మా, ఈ మాత్రం దానికి మిషనెందుకు, పున్నయ్య కేకేస్తే పోలా అన్నాడు ఒకాయన.

ఈ పని ఒప్పుకుని వారం కూడా కాలేదు. మా పక్క మేజరు కాలువ కింద నాలుగు బ్లాకులున్నాయి. ఒకటోది పైన, నాలుగోది అన్నిటికంటే చివర. సాగర్ నుంచి నీళ్ళు వదిలితే ఎనిమిది రోజులు పారతాయి. బ్లాకుకు రెండు రోజుల వంతు. తర్వాత వారం రోజులు బంద్. షట్టర్లు తిప్పే లష్కరు పున్నయ్య బాబాయ్ రేపు ఎవరి వంతో సాయంత్రం నాకు చెప్తాడు. నేను సర్వర్లో ఆ బ్లాకు నంబరు పెడతాను. నీళ్ళు లేని రోజుల్లో సున్నా పెడతాను. తెల్లారి ఐదున్నరకు ఆ బ్లాకు రైతులందరికీ ఫోన్ వెళ్తుంది. అంతే పని. నీటి సంఘం అధ్యక్షుడు సుధీర్ గారు నమ్మి నాకు అప్పగించారు. ఇది బాగా నడిస్తే ఇంకో మూడు సంఘాల పని కూడా ఇప్పిస్తామన్నారు.

డిసెంబర్ 5, శుక్రవారం

సర్వర్‌ను క్లౌడ్‌లో పెట్టేశాను. పెట్టేశాను అనడం పెద్దమాటే. అక్కడ అంతా రెడీమేడ్. ఆపరేటింగ్ సిస్టం, ఫోన్లు చేసే సాఫ్ట్‌వేర్, ఫైర్‌వాల్ అన్నీ ఎవరో ముందే అమర్చి పెట్టిన ఇమేజ్ ఒకటి ఎంచుకుని లాంచ్ నొక్కాను. పది నిమిషాల్లో, సర్వర్ నడుస్తోందని స్క్రీన్ మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. హైదరాబాద్‌లో నేను ఉద్యోగం చేసినప్పుడు ఈ పనికి ఇద్దరం కూర్చుంటే మూడు రోజులు పట్టేది. ఇక గురజాలలో కరెంటు ఉంటే ఎంత, పోతే ఎంత.

అబ్బాకు ఇమేజ్ అంటే ఏమిటో చెప్పబోయి అలిసిపోయాను. ఫోటో కాదు అబ్బా, ఒక కంప్యూటర్ లోపల ఉన్నదంతా అచ్చు దింపి దాచింది, అందులోంచి ఎన్ని కంప్యూటర్లు కావాలంటే అన్ని లేపుకోవచ్చు అన్నాను. అబ్బా అదే షాపులో ఒక పక్కన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఖాజా మొహిద్దీన్ చుట్టిన మోటారు అంటే ఇటు మాచర్ల దాకా పేరుంది. ఎవరో చుట్టిన కాయిల్‌ని విప్పి చూడకుండానే బిగించేస్తావా అని అడిగాడు. బిగించేస్తాను అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

డిసెంబర్ 6, ఉదయం 5:31

వెళ్ళాయి. అన్నీ వెళ్ళాయి.

డిసెంబర్ 9, మంగళవారం

ఫోన్లు వెళ్తున్నాయి కానీ సగం మంది వినడం లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆడపిల్ల గొంతు ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. లోను ఇస్తామనే పిల్ల అనుకుని కట్ చేస్తున్నారు.

పున్నయ్య బాబాయ్‌ని షాపుకు పిలిచి రికార్డ్ చేశాను. యాభై ఆరేళ్ళు ఆయనకు. ముప్పై ఏళ్ళు కాలువ కట్ట మీద కేకలేసి కేకలేసి గొంతు ఇసుక కాగితంలా తయారైంది. ఫోన్ ముందు కూర్చోగానే పెళ్ళికొడుకులా బిగుసుకుపోయాడు. రోడ్డు మీద బస్సు పోయినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి. పదకొండోసారికి కుదిరింది. నేను పున్నయ్యని. ఈరోజు ఫలానా బ్లాకు వంతు. తూములు తెరుచుకోండి. ఇంతవరకు నేను రాసిచ్చింది. గొడవలు పడమాకండి అని చివర్న ఆయనే కలిపాడు. తీసెయ్యనా అని అడిగితే, అది లేకపోతే నేనని నమ్మరు పాపా అన్నాడు. ఉంచాను.

డిసెంబర్ 10

ఒక్కరూ కట్ చేయలేదు.

డిసెంబర్ 26, శుక్రవారం

దేవమ్మ పిన్ని కౌలు కార్డు జెరాక్స్‌కు వచ్చింది. కవర్లో అరిసెలు, కేకు ముక్కలు తెచ్చింది. అబ్బాకు కేకు ఎక్కువ పెట్టింది, నాకు అరిసెలు ఎక్కువ పెట్టింది.

పిన్నిది నాలుగో బ్లాకు. రెండెకరాల కౌలు మిర్చి. ఆమె మొగుడు పోయి ఆరేళ్ళయింది. చేను ఒక్కతే చూసుకుంటుంది. కాలువ చివర ఉన్నవాళ్ళకు నీళ్ళు వచ్చాయన్న సంగతి, నీళ్ళు పోయాక తెలిసేదట. ఈ ఏడే వంతు రోజున కబురు అందిందట. చేను నిండా పూతే అమ్మాయ్, తెల్లగా, చూట్టానికి రా అంది. రెండు వారాలకో తడి పడితే చాలంట. ఒక తడి తప్పి నెల ఎండితే పూత, పిందె అంతా రాలి కిందుంటది అంది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నాకు గర్వంగానే ఉంది. ఎందుకు దాచాలి?

జనవరి 1, గురువారం, సాయంత్రం

ఆ రెడీమేడ్ ఇమేజ్ తయారుచేసినవాళ్ళు మెయిల్ పంపారు. పాత వెర్షన్‌కు జనవరి 31తో సపోర్ట్ అయిపోతుంది, అప్‌డేట్ చేసుకోండి అని. నడుస్తున్న సర్వర్ మీద చెయ్యి వెయ్యడం నాకు భయం. ముందు దాన్ని ఉన్నదున్నట్టు కాపీ తీసి నా సొంత ఇమేజ్‌గా దాచాను. రేపటి నుంచి కొత్త విడత నీళ్ళు. అప్పటికే ఒకటో బ్లాకు నంబరు పెట్టేసి ఉన్నాను. నంబరు, రైతుల ఫోన్లు, పున్నయ్య బాబాయ్ గొంతు అన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

జనవరి 9

నాలుగో బ్లాకు తడి అయిపోయింది. అందరికీ అందింది. రేపటి నుంచి సున్నా.

జనవరి 22, గురువారం

రెండో విడత నడుస్తోంది. రేపు, ఎల్లుండి నాలుగో బ్లాకు. నంబరు పెట్టాను.

మధ్యాహ్నం ఖాళీ దొరికిందని నేను దాచిన ఇమేజ్‌లోంచి ఇంకో సర్వర్‌ను లేపాను. అప్‌డేట్‌ను ముందు దాని మీద చేసి చూద్దామని. సగంలో ఉండగా ఇంటర్ పిల్లలు హాల్ టికెట్ల ప్రింట్ల కోసం విరుచుకుపడ్డారు. సాయంత్రం దాకా తల ఎత్తలేదు. ఒక పిల్లకు ఫోటో తారుమారైతే ఏడుపు. ఆమెకు నీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టి సరిచేశాను.

జనవరి 23

నాలుగో బ్లాకుకు ఫోన్లు వెళ్ళాయి. నలభై ఆరుకు నలభై ఆరు.

జనవరి 24, శనివారం

కాలువ దగ్గర పెద్ద గొడవ.

నాలుగో బ్లాకుకు నిన్నా ఇవాళా చుక్క నీళ్ళు అందలేదు. వాళ్ళు కాలువ వెంట పైకి నడుచుకుంటూ పోతే ఒకటో బ్లాకు తూములన్నీ బార్లా తెరిచి ఉన్నాయట. వంతు మాది, మీకేం పని అంటే, పున్నయ్యే ఫోన్ చేసి తెరుచుకోమన్నాడు అన్నారట. నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి. పున్నయ్య బాబాయ్ నేను చేయలేదన్నాడట. మీ గొంతు మాకు తెలియదా అన్నారట. దేవమ్మ పిన్ని పిడికెడు మట్టి తీసి ఆయన మీద పోసి, నా నోట్లో మన్ను కొట్టావు కదరా అందట. ఇద్దరిదీ ఒకే చర్చి.

సుధీర్ గారు నాకు ఫోన్ చేశారు. ఈ రెండు రోజులు ఎవరెవరికి కాల్స్ వెళ్ళాయో పేపర్ కావాలన్నారు. సర్వర్ లాగ్ తీసి ప్రింట్ ఇచ్చాను. నాలుగో బ్లాకు పేర్లే ఉన్నాయి, ఒకటో బ్లాకు పేరు ఒక్కటీ లేదు. నువ్వు కడిగిన ముత్యం అమ్మా అన్నారు. అయితే పున్నయ్యే వేరే ఫోన్ నుంచి దొంగగా వాళ్ళకు చెప్పాడు, ఏదో పుచ్చుకునే ఉంటాడు అన్నారు. బాబాయ్ అలాంటివాడు కాదు అన్నాను. పేపర్ అబద్ధం చెప్పదు కదా అన్నారు.

సాయంత్రం కాలువ కట్టేశారు. మళ్ళీ నాలుగో బ్లాకు వంతు ఫిబ్రవరి ఏడున.

జనవరి 25, ఆదివారం, ఉదయం 8

బెంజిమిన్ వచ్చాడు. ఒకటో బ్లాకు రైతు. చర్చికి పోతూ బండి ఆపాడు. పున్నయ్యకు మతి పొయ్యిందా ఏంది జెబా, ఇయ్యాల కూడా ఫోన్ చేసి తూము తెరుచుకోమన్నాడు, పార తీసుకుని పోతే కాలవలో బురద తప్ప ఏమీ లేదు అన్నాడు. ఫోన్ చూపించమన్నాను. 5:30. నా సర్వర్ ఎవరి ద్వారా ఫోన్లు చేస్తుందో ఆ కాల్ కంపెనీ నంబరే. నంబర్ చూసుకోలేదా అని అడిగితే, నంబరెవరు చూస్తారు, గొంతు విన్నాక అన్నాడు.

నా సర్వర్లో నిన్న సాయంత్రం నుంచి సున్నా ఉంది.

ఉదయం 8:20

రెండు ఆకుపచ్చ చుక్కలు.

గురువారం లేపిన కాపీని నేను ఆపలేదు. అది జనవరి ఒకటి సాయంత్రం దగ్గరే ఉండిపోయింది. అప్పటికి నేను పెట్టి ఉన్న నంబరు ఒకటి. దానికి తెలిసింది అదొక్కటే. మూడు రోజులుగా ఐదున్నరకు లేచి ఒకటో బ్లాకు వాళ్ళందరికీ బాబాయ్ గొంతుతో ఫోన్లు చేస్తోంది. నేను సుధీర్ గారికి ఇచ్చిన పేపర్ అసలు సర్వర్‌ది. ఈ రెండోది ఉందని ఆ పేపర్‌కు ఎలా తెలుస్తుంది?

ఆపేశాను.

స్టాప్ పక్కనే టెర్మినేట్ ఉంది. అది నొక్కితే ఈ కాపీ, దాని లాగ్ అన్నీ పోతాయి. ఎవరెవరికి ఫోన్ వెళ్ళిందో కాల్ కంపెనీ దగ్గర ఉంటుంది, నిజమే. కానీ వాళ్ళను అడగాలని ఈ ఊళ్ళో ఎవరికి తోస్తుంది? తోస్తే నాకే తోచాలి. టెర్మినేట్ మీద మౌస్ పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఈ సంగతి బయటపడితే మూడు సంఘాల పని పోతుంది. ఒక్క గొడవకు రెండు బ్లాకులు కర్రలు తీసిన ఊళ్ళు ఇవి. అందరూ నా షాపు ముందుకే వస్తారు. ఆడపిల్లకు మిషన్లు అప్పగిస్తే ఇంతే అంటారు. అంటారేమిటి, ఇప్పటికే అనడానికి కాచుకుని ఉన్నారు.

టెర్మినేట్ నొక్కలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

జనవరి 26

ఇవాళ కూడా చెప్పలేదు.

జనవరి 27, మంగళవారం

పున్నయ్య బాబాయ్ దగ్గర షట్టర్లు తిప్పే హ్యాండిల్ తీసేసుకున్నారు. రేపు సంఘం మీటింగ్‌లో తేల్చేదాకా కాలువ మీదికి రావద్దన్నారట. ఆయనది పర్మనెంట్ ఉద్యోగం కాదు. సుధీర్ గారు పై ఆఫీసుకు ఒక్క కాగితం రాస్తే చాలు, ముప్పై ఏళ్ళ పని పోతుంది. ఆయన బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పినా ఎవరూ నమ్మలేదని అబ్బా బజారులో విని వచ్చాడు.

అన్నం ముందు కూర్చుని అబ్బాకు చెప్పేశాను. మొత్తం. రెండో చుక్క సంగతి కూడా.

అబ్బా కంచం పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. పిడుగురాళ్ళ దగ్గర ఒక రైతుకు చుట్టిచ్చిన మోటారు మూడో రోజే కాలిపోయిందట. తప్పు అబ్బా వైండింగ్‌దే. వోల్టేజ్ ఎక్కువొచ్చిందని చెప్పి పంపించేశాడట. ఆ రైతు ట్రాన్స్‌ఫార్మర్ చూసే హెల్పర్‌తో పోట్లాడి అతని తల పగలగొట్టాడట. అది జరిగి పాతికేళ్ళు. ఆ హెల్పర్ ఇప్పటికీ ఎదురుపడితే అబ్బాకు సలాం చేస్తాడట. నేను వేరే సందులోంచి పోతాను బేటీ అన్నాడు. తర్వాత అన్నం కలుపుకున్నాడు.

జనవరి 28, బుధవారం

సంఘం గదిలో నలభై మందికి పైనే ఉన్నారు. బాబాయ్ గుమ్మం దగ్గర కింద కూర్చున్నాడు. దేవమ్మ పిన్ని గోడకు ఆనుకుని నిలబడింది.

లేచి చెప్పాను. తప్పు పున్నయ్య బాబాయ్‌ది కాదు, నాది. సర్వర్‌ను ఒకటో తారీఖున ఎలా ఉంటే అలా అచ్చు తీసి దాచాను, అందులోంచి ఇంకో కాపీ లేపి ఆపడం మర్చిపోయాను, పాత నంబరుతో అది ఫోన్లు చేసింది, ఆదివారమే నాకు తెలిసింది అన్నాను.

ఎవరూ నమ్మలేదు. తిడతారని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను, నమ్మకపోవడమన్నది నా లెక్కలోనే లేదు. సుధీర్ గారు జాలిగా చూశారు. నీ పేపరే కదమ్మా చెప్పింది, ముసలోడి మీద దయతో నెత్తిన వేసుకోమాక అన్నారు. ఒక మిషన్‌కు తెలియకుండా ఇంకో మిషనెట్టా మాట్లాడతది, దాని నోరు దానికి తెలవదా అని ఒకాయన నవ్వాడు. పున్నయ్య ఈ పిల్లను కూడా బుట్టలో వేసుకున్నాడని ఇంకెవరో అన్నారు. దేవమ్మ పిన్ని మాత్రం, ఎవరో ఒకరు నిజం చెప్పండయ్యా, నా పూత రాలిపోతా ఉంది అంది.

నాకు కోపం వచ్చింది. నా తప్పు నాకు దక్కనివ్వకపోతే ఎలా? లాప్‌టాప్ తెరిచాను. కాపీని మళ్ళీ లేపాను. ఐదున్నర దాకా ఆగకుండా, ఇప్పుడే కాల్ చెయ్యి అని చేత్తో ఆర్డర్ ఇచ్చాను. ఒకటో బ్లాకు వాళ్ళు ఫోన్లు బయటికి తీసి స్పీకర్ పెట్టండి అన్నాను.

ముందు బెంజిమిన్ ఫోన్ మోగింది. తర్వాత కిటికీ దగ్గర ఒకటి. తర్వాత వరసగా తొమ్మిది. ఒకదాని వెనక ఒకటి, మాట మీద మాట పడుతూ. నేను పున్నయ్యని. ఈరోజు ఒకటో బ్లాకు వంతు. తూములు తెరుచుకోండి. గొడవలు పడమాకండి.

గుమ్మం దగ్గర పున్నయ్య బాబాయ్ నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు. అందరూ ఆ నోటి వైపే చూశారు.

సుధీర్ గారు లేచి మూలనున్న హ్యాండిల్ తీసి బాబాయ్ ముందు పెట్టారు. నాతో మాత్రం, ఇక నుంచి ఈ ఫోన్ల పని వద్దులేమ్మా అన్నారు. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

ఇంకో సంగతి. కాపీకి గదిలో ఉన్నవాళ్ళు, ఇళ్ళలో ఉన్నవాళ్ళు అనే తేడా తెలియదు. ఆ హడావుడిలో నాకూ గుర్తు రాలేదు. బ్లాకు మొత్తానికి ఫోన్లు వెళ్ళాయి. మేము బయటికి వచ్చేసరికి ఐదుగురు పారలు పట్టుకుని ఎండిన కాలువలో నిలబడి పున్నయ్యను తిడుతున్నారు.

జనవరి 29, గురువారం

మిగతా మూడు సంఘాల వాళ్ళు రామన్నారు. ముగ్గురూ ఒకే మాట అన్నారు, ముందే మాట్లాడుకున్నట్టు.

బాబాయ్ షాపుకు వచ్చాడు. థాంక్స్ చెప్తాడేమో అనుకున్నాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, అనుకున్నాను. కూర్చోలేదు. మూడు రోజులు నా పెళ్ళాం కూడా నన్ను నమ్మలేదు, నీకు ఆదివారమే తెలుసంట గదా అన్నాడు. అవును అన్నాను. నా గొంతు తీసెయ్ పాపా అన్నాడు. ఆయన ఎదురుగానే అసలు సర్వర్లో ఉన్నది, కాపీలో ఉన్నది, ఇమేజ్‌లో ఉన్నది అన్నీ తీసేశాను. ఇంకెక్కడన్నా ఉందా అని రెండుసార్లు అడిగాడు. లేదన్నాను. టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

స్క్రీన్ మీద ఒక్క చుక్కా లేదు ఇప్పుడు.

ఫిబ్రవరి 1, ఆదివారం

చర్చిలో బల్ల రోజు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు దేవమ్మ పిన్ని వెళ్ళి పున్నయ్య బాబాయ్‌ని అందరి ముందూ క్షమాపణ అడిగిందట. అడగవలసినదాన్ని నేను. మీటింగ్‌లో తప్పు నాది అన్నాను కానీ ఆ మాట అనలేదు.

బాబాయ్ మళ్ళీ మోపెడ్ మీద తిరుగుతూ కేకేస్తున్నాడు.

ఫిబ్రవరి 4, బుధవారం

పొద్దున్నే కాలువ కట్ట మీదికి వెళ్ళి బాబాయ్‌ని క్షమించమని అడిగాను. ఆదివారం నేను ఎందుకు నోరు మూసుకున్నానో కూడా చెప్పాను. బాబాయ్ షట్టర్ తిప్పుతూనే విన్నాడు. సరేలే అన్నాడు. పాపా అని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

నాలుగో బ్లాకు వంతు. నీళ్ళు నిండుగా వచ్చాయి.

దేవమ్మ పిన్ని చేనుకు వెళ్ళాను. సాళ్ళ మధ్య రాలిన పూత గోధుమ రంగుకు తిరిగి ఉంది. నీళ్ళు దాన్ని తేల్చుకుంటూ చివరిదాకా తీసుకుపోయాయి. పిన్ని తిట్టలేదు. పార మీద చెయ్యి ఆనించి, ఆ రోజు మీటింగ్‌లో అన్నావే అమ్మాయ్, ఏ రోజున ఎట్టుంటే అట్టా అచ్చు తీసి దాచి మళ్ళీ లేపచ్చని, అది మిషన్లకేనా, చేలకు కూడా ఉందా, క్రిస్మస్ అప్పుడు నా చేను ఎట్టుండెనో నువ్వు చూళ్ళేదు గదా అంది.

లేదు పిన్నీ అన్నాను.

పార నా చేతికిచ్చి, అయితే ఆ గట్టు తెగకుండా చూడు అంది.